దీన్ చదువుకి తత్కాల్ టికెట్ లేదు

ఈసారి పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి. చదివినాక మమ్మల్ని తిట్టాలనిపిస్తే తిట్టండి. సగంలో ఆపి మాత్రం తిట్టకండి.

మన మక్తబ్ పిల్లల దీనియాత్ పరీక్షకి ఇంక 19 రోజులుంది. రంజాన్‌కి ముందు షాబాన్ నెలలో పరీక్ష పెట్టడం ఎప్పట్నుంచో ఉండేదే. దానికి మేము అడ్డం చెప్పడం లేదు. మేము అడిగేది ఒక్కటే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి, బళ్ళో కన్నడం చదివే పిల్లకి, ఉర్దూలో ప్రశ్న ఇచ్చి ఉర్దూలోనే జవాబు రాయమంటే అది దీన్ పరీక్షా, ఉర్దూ పరీక్షా?

పోయిన ఆదివారం మగ్రిబ్ నమాజు అయినాక మా వీధిలో ఒక పాప అరుగు మీద కూర్చొని చదువుతా ఉంది. ఏడో తరగతి. చేతిలో రెండొందల ప్రశ్నల జిరాక్సు కట్ట. ఉర్దూ అక్షరాలు సరిగ్గా రావు కాబట్టి పక్కనే ఇంకో నోటుబుక్కు. అందులో అవే ఉర్దూ జవాబులు కన్నడ అక్షరాల్లో రాసుకొని ఉంది. కన్నడ అక్షరాలు చూసి బట్టీ కొట్టాల, ఉర్దూ అక్షరాలు చూసి బొమ్మ గీసినట్టు రాయడం నేర్చుకోవాల. ఇదీ ఆ పిల్ల చదువు.

"ఏం చదువుతా ఉండావమ్మా?" అని అడిగితే "తయమ్ముమ్ తాతా" అనింది. చెప్పమన్నాం. గడగడా చెప్పింది, ఒక్క మాట తప్పు లేదు. సంతోషపడి, "సరేగానీ, నమాజు టైముకి వుజూ చేయడానికి నీళ్ళు దొరక్కపోతే ఏం చేస్తావు?" అని తెలుగులో అడిగినాం. పాప మా మొహం చూసింది. "తెలీదు తాతా" అనింది. "ఇప్పుడు నువ్వు చెప్పింది అదే కదమ్మా" అంటే నమ్మలేదు. జిరాక్సు తిప్పి చూసుకునింది. అందులో ఎక్కడుందో ఆ పిల్లకి ఎట్లా తెలుస్తుంది?

ఇది ఎక్కడ జరిగిందో ఆలోచించండి. పావగడ తాలూకాలో జరిగింది. నీళ్ళ కరువు అంటే ఏమిటో, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ అంటే ఏమిటో పుట్టినప్పట్నుంచి చూసిన పిల్ల. నీళ్ళు లేనప్పుడు మనసులో నియ్యత్ చేసుకొని, శుభ్రమైన మన్ను మీద చేతులు తట్టి ముఖం తుడుచుకోవడం, మళ్ళీ తట్టి మోచేతుల దాకా చేతులు తుడుచుకోవడం. ఇంతే తయమ్ముమ్. మన పిల్లలకి ఒక్క నిమిషంలో అర్థమయ్యే సంగతి ఇది. దాన్ని వాళ్ళకి అర్థం కాకుండా చేయడానికి మనం ఒక సంవత్సరం కష్టపడినాం!

తప్పు పాపది కాదు. వాళ్ళ హజ్రత్‌దీ కాదు. ఆయన చేతికి ఇచ్చిన పుస్తకం అది, ఆయనకి మనం ఇచ్చే జీతం ఎంతో మనకే తెలుసు. తప్పు మనది, సంఘంలో కూర్చొని తలకాయలు ఊపిన మా లాంటి పెద్దలది. పోయిన సంవత్సరం ఈ పద్ధతికి ఒప్పుకొని సంతకం పెట్టిన వాళ్ళలో మేమూ ఉన్నాం. అందుకే ఈ పోస్టు.

మేము రైల్వేలో గుమాస్తాగా పని చేసినాం, అందులో చాలా ఏళ్ళు రిజర్వేషన్ కౌంటర్లో. రెండు నెలల ముందే పెళ్ళి తేదీ తెలిసిన వాళ్ళు కూడా ముందు రోజు వచ్చి తత్కాల్ అడిగేవాళ్ళు. డబ్బు ఎక్కువ పోతుంది, సీటు దొరికితే దొరుకుతుంది, రద్దు చేస్తే పైసా రాదు. ఇప్పుడు మనం పిల్లలకి చేసేది అదే. సంవత్సరమంతా మక్తబ్‌లో ఏం జరుగుతోందో అడగం. చివరి మూడు వారాల్లో జిరాక్సు కొనిచ్చి "బట్టీ కొట్టు" అంటాం. పరీక్ష అయిన మూడో రోజుకి అంతా పోతుంది. ఇది చాలదన్నట్టు బడి పరీక్షలు కూడా ఆ వెనకే వస్తాయి. పోయిన సంవత్సరం తక్కువ మార్కులు వచ్చిన పిల్లల్లో కొందరు మక్తబ్ మానేసినారు. ఎందుకని అడిగితే ఒక పిల్లోడు ఏమన్నాడో తెలుసా? "నాకు దీన్ రాదంట తాతా." వాడికి రానిది ఉర్దూ. మనం వాడికి అంటగట్టింది దీన్ రాదన్న పేరు.

ఈ మాట సంఘంలో ఎత్తితే వచ్చే జవాబులు మాకు తెలుసు. ఒక్కోటి తీసుకుందాం.

మొదటిది: "ఉర్దూ పోతే దీన్ పోతుంది."

మేము చదివింది అరవ బడిలో. మా నాయన ఉద్యోగం జోలార్‌పేట పక్క. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాం, ఈ పోస్టులో తప్పులుంటే అందుకే, మన్నించండి. అక్కడి ముస్లింలు దీన్‌ని అరవంలో చదువుతారు, జుమా బయాన్ అరవంలో వింటారు. ఉమరు పులవర్ ప్రవక్త (స) జీవితాన్ని సీరాప్పురాణం అని అరవ కావ్యంగా రాసి మూడు వందల ఏళ్ళు దాటింది. అరబ్బీ అక్షరాలతో అరవం రాసే పద్ధతి కూడా వాళ్ళకి ఉండేది. వాళ్ళ దీన్ ఏమైనా తగ్గిందా? కీళక్కరై, కాయల్‌పట్టణం పోయి చూసి వచ్చి మాట్లాడండి.

ఇంకో సంగతి. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లా గారు ఖురాన్‌ని ఫార్సీలోకి తెచ్చినారు, ఎందుకంటే అప్పటి చదువుకున్నోళ్ళకి తెలిసిన భాష అది. ఆయన కొడుకులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూలోకి తెచ్చినారు, ఎందుకంటే మామూలు జనం భాష అది. అంటే ఉర్దూ దీన్‌లోకి వచ్చిందే జనానికి అర్థం కావాలని. ఈరోజు అదే ఉర్దూని జనానికి అర్థం కాకుండా అడ్డం పెడతా ఉన్నాం. ఇబ్రాహీం సూరా 4వ ఆయత్ అర్థం ఒకసారి మీ హజ్రత్‌ని అడగండి. మా వాదన అంతా అందులోనే ఉంది.

నమాజు అరబ్బీలోనే. ఖురాన్ తిలావత్ అరబ్బీలోనే. దాని జోలికి మేము పోలేదు, పోము. మేము మాట్లాడేది అర్థం చెప్పే భాష గురించి, జవాబు రాసే భాష గురించి.

మనలో దూదేకుల ఇళ్ళు, అదే ఇక్కడ పింజార, నదాఫ్ అంటారు కదా, వాళ్ళలో ఎక్కువ మందికి ఇంటి భాషే తెలుగు. "తురకం రాని తురకలు" అని ఎగతాళి పడీ పడీ ఉన్నాం. బయటోళ్ళు అంటే సరే అనుకోవచ్చు. మన పరీక్ష కాగితమే మన పిల్లల్ని అట్లా అంటే ఎవరికి చెప్పుకోవాల?

రెండోది: "తెలుగులో పుస్తకాలు ఎక్కడున్నాయి?"

ఉన్నాయి సార్, మనం కొనలేదు అంతే. ఖురాన్‌ని మొట్టమొదట తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు గారు. ముస్లిం కాదు, తెలుగు పండితుడు, అనంతపురం కాలేజీలో పాఠం చెప్పినాయన. అనంతపురం మనకి ఎంత దూరం? పెళ్ళి బట్టలకి పోతాం, ఆసుపత్రికి పోతాం. అక్కడ కూర్చొని ఒక హిందూ పండితుడు వందేళ్ళ కిందట్నే మన గ్రంథం కోసం పడిన శ్రమ, మన సంఘం మన పిల్లల కోసం పడలేదు. ఆయన తర్వాత ముస్లిం పండితులే చేసిన తెలుగు అనువాదాలు ఒకటికి మించి వచ్చినాయి. హైదరాబాదు నుంచి తెలుగులో దీనీ పుస్తకాలు అచ్చవుతా ఉన్నాయి, గీటురాయి అని పత్రికే నడిచింది. పుస్తకాలు లేవనే మాట ఇంక వదిలేయండి.

మూడోది: "పై చదువులకి పోవాలంటే ఉర్దూ కావాల కదా?"

కొంత నిజం. హైదరాబాదులో 1998లో పెట్టిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో చదవాలంటే ఉర్దూ కావాల. పెద్ద మదరసాలో ఆలిం కోర్సు చేయాలన్నా కావాల. అట్లా పోయే పిల్లలకి ఉర్దూని భాషగా, సంవత్సరమంతా, అక్షరాల నుంచి నేర్పండి. మేమూ చందా ఇస్తాం. కానీ ఆ దారిలో పోయేది ఎంత మంది? మిగిలిన పిల్లలు డిప్లొమాకి, నర్సింగుకి, గార్మెంట్సుకి, బెంగళూరుకి పోతారు. వాళ్ళ చేతిలో జీవితమంతా మిగిలే దీన్ ఈ మక్తబ్‌లో నేర్చుకున్నదే.

పరీక్షల సంగతే తీసుకుంటే, మా కాలంలో రైల్వే ఉద్యోగం పరీక్షని అరవ బడి నుంచి పోయి ఇంగ్లీషులో రాసినాం. మా కంటే తెలివైన వాళ్ళు భాష దగ్గర ఆగిపోవడం కళ్ళారా చూసినాం. ఈరోజు అదే రైల్వే పరీక్ష తెలుగులో, కన్నడంలో, అరవంలో, ఉర్దూలో రాయొచ్చు. డాక్టరు చదువుకి పోయే నీట్ 13 భాషల్లో పెడతా ఉన్నారు, అందులో తెలుగూ ఉంది కన్నడమూ ఉంది. గుండె గురించి, మూత్రపిండాల గురించి తెలుగులో అడగొచ్చంట, తయమ్ముమ్ గురించి అడగకూడదంట. ఇదేం న్యాయం?

ఇంక దీన్ అర్థమైతే ఏమవుతుందో మన ఊరి లెక్కతోనే చెప్తాం. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఊళ్ళ పొలాలు సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కుకి లీజుకి పోయినాయి. 2,050 మెగావాట్లు. ఎకరాకి సంవత్సరానికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. అంతకు ముందు అదే పొలంలో వాన మీద శెనక్కాయ పండేది. జిరాక్సులో ఉష్ర్ గురించి ప్రశ్న ఉంది: వానకి పండిన పంటలో పదో వంతు, నీళ్ళు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. పిల్లలు బట్టీ కొట్టినారు. ఇప్పుడు పంట లేదు, పలకలున్నాయి. మరి లీజు డబ్బు సంగతేంది? ఈ ప్రశ్న ఏ పిల్లా అడగలేదు, ఎందుకంటే ఉష్ర్ అంటే తన తాత పొలం సంగతి అని ఏ పిల్లకీ తెలీదు.

జవాబు కష్టమైంది కాదు. పంట లేనప్పుడు పంట మీద ఉష్ర్ లేదు. లీజు డబ్బు వచ్చి, ఖర్చులు పోను మిగిలింది నిసాబ్ దాటి చాంద్రమాన సంవత్సరం నిలిస్తే దాని మీద జకాత్ రెండున్నర శాతం. నాలుగు లక్షలు నిలిస్తే పది వేలు. ఇది తెలుగులో నేర్చుకున్న పిల్ల ఇంటికి పోయి "నాయనా, మన లీజు డబ్బుకి జకాత్ లెక్క కట్టినావా?" అని అడుగుతుంది. పరీక్ష పాసయ్యేది అప్పుడు. అట్లా అడుగుతారని భయపడే ఉర్దూలో ఉంచినామా అని కూడా ఒక్కోసారి అనుమానం వస్తుంది మాకు.

నాలుగోది: "ఇప్పుడు 19 రోజుల్లో ఏం మారుస్తాం?"

కొత్త పుస్తకం రాదు, నిజమే. కానీ ఉన్న రోజుల్ని వాడుకునే దారి ఉంది. జిరాక్సు పక్కన పెట్టండి. మొదటి 6 రోజులు ఈమాన్, తహారత్, నమాజు. చదివించకండి, చేయించండి. హనఫీ పద్ధతిలో వుజూ ఫర్జ్‌లు 4, తయమ్ముమ్ ఫర్జ్‌లు 3, పిల్లల చేత చేయిస్తా తెలుగులో చెప్పించండి. చేతులు నేర్చుకున్నది తల మరిచిపోదు.

తర్వాత 5 రోజులు సీరత్. యాభై తేదీలు వద్దు, 8 చాలు. సుమారు 570 జననం, 610 మొదటి వహీ, 622 హిజ్రత్, 624 బద్ర్, 625 ఉహుద్, 628 హుదైబియా, 630 మక్కా విజయం, 632 ప్రవక్త (స) పరమపదించడం. వీటిని రైలు స్టేషన్ల మాదిరి వరసగా చెప్పించండి. ఏ స్టేషను తర్వాత ఏది వస్తుందో తెలిస్తే మధ్యలో జరిగిన కథ దానంతట అదే కూర్చుంటుంది.

ఆ తర్వాత 4 రోజులు రోజా, జకాత్, హజ్. జకాత్ లెక్కలు ఇంటి లెక్కలతోనే చేయించండి. చివరి 4 రోజులు పాత ప్రశ్నలు, అందులో ఆఖరి రోజు సాయంత్రం ఆటకి వదలండి. రోజుకి గంట, ఇషాకి ముందు. చదువుకున్న అక్కలు ఎవరన్నా ఉంటే ముందుకు రండమ్మా, ఆడపిల్లలకి మీరు చెప్తే బాగుంటుంది. అబ్బాయిలకి మేము కూర్చుంటాం.

వచ్చే శుక్రవారం జుమా తర్వాత సంఘం మీటింగు ఉంది. మేము మూడు అడగబోతా ఉన్నాం. ఒకటి, ఈసారే పిల్లలు జవాబులు తెలుగులోనో కన్నడంలోనో రాయడానికి ఒప్పుకోవాల, ప్రశ్నని హజ్రత్ చదివి అర్థం చెప్పాల. రెండు, పదేళ్ళ లోపు పిల్లలకి రాత పరీక్ష వద్దు, నోటితో అడిగితే చాలు. మూడు, ఈద్ అయినాక మక్తబ్ తెరిచే రోజే పుస్తకమూ పరీక్ష తేదీ రెండూ చెప్పాల, షాబాన్‌లో కాదు. జిల్లాలో పరీక్ష నడిపే పెద్దలు ఒప్పుకోకపోతే, మన తిరుమణి పరీక్ష మనమే పెట్టుకుందాం. సర్టిఫికెట్టు మీద వాళ్ళ ముద్ర లేకపోయినా అల్లా దగ్గర ఏం తక్కువ కాదు.

మీటింగుకి రాకుండా ఇంట్లో కూర్చొని లైకు కొడితే లాభం లేదు. పిల్లల్ని కన్న వాళ్ళు రండి, అమ్మలు కూడా రండి, పక్క గదిలో కూర్చునే ఏర్పాటు మేము చూస్తాం. ఉర్దూ ఉండాలనే అన్నలు కూడా రండి, ఎదురుగా కూర్చొని మాట్లాడుకుందాం.

ఆ పాపకి నిన్న మళ్ళీ తయమ్ముమ్ చెప్పినాం, తెలుగులో, మన్ను ముందు పెట్టుకొని. నేర్చుకొని ఇంటికి పోయి వాళ్ళ అవ్వకి నేర్పిందంట. మంచం దిగలేని ముసలామె, నీళ్ళు తాకితే జ్వరం వస్తుందని నమాజు మానేసి చాలా రోజులయింది. ఈరోజు ఫజర్ మంచం మీదే కూర్చొని చదివిందంట.

పరీక్ష కాగితంలో ఆ పాపకి ఎన్ని మార్కులు వేస్తారో మీరే చెప్పండి. శుక్రవారం కలుద్దాం. వస్సలాం.