పై అరలో పుస్తకం

మన అసోసియేషన్ పుస్తకాల బీరువాకి ఈమధ్య ఒకరు రెండు సంచుల నిండా తెలుగు పుస్తకాలిచ్చారు. వాటిలో యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' ఉంది. పిల్లల చేతికి అందేచోట దీన్ని ఉంచాలా వద్దా అని కమిటీలో మాటామాటా వచ్చి, చివరికి "మీరు చదివి చెప్పండి వదినగారూ" అని నా నెత్తిన పెట్టారు.

నాకు ఆ పుస్తకమంటే మొదట్నుంచీ పడదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, వారం ఎప్పుడు తిరుగుతుందా అని జనం కాచుక్కూర్చునేవారు. చేతబడి కథ నాకెందుకులే అని ఇన్నేళ్ళూ తప్పించుకున్నాను. ఈసారి తప్పలేదు.

మొదటి యాభై పేజీలూ మొహం చిట్లించుకునే చదివాను. ఆ తర్వాత కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో లెక్క తప్పింది! కథ మీలో చాలామందికి తెలిసిందే. ఆస్తి కోసం తులసి అనే పసిపిల్ల మీద 'కాష్మోరా' అనే క్షుద్రప్రయోగం చేయిస్తారు. వారం వారం రాసిన రచన కాబట్టి, పాఠకుణ్ణి ఎక్కడ వదిలితే మళ్ళీ వస్తాడో ఆ రచయితకి బాగా తెలుసు. ఆ విద్యని కాదనలేం.

అయితే నన్ను చదివించిందీ, నాకు నచ్చనిదీ ఒకటే. ఇందులో మంత్రగాడొక్కడే లేడు, డాక్టర్లున్నారు, హిప్నాటిజం ఉంది. పిల్ల బాధకి వైద్యం ఒక కారణం చెబుతుంది, మంత్రం ఇంకొకటి చెబుతుంది. దయ్యం ఉందని ఊరికే చెబితే నవ్వి ఊరుకుంటాం. డాక్టరు కూడా పక్కన నిలబడి తల గోక్కుంటుంటే నవ్వు రాదు. చదువుకున్నవాళ్ళు సైతం 'ఏమో, ఉందేమో' అనుకున్నది ఈ కిటుకు వల్లనే. రంగనాయకమ్మగారు ఊరుకోలేక 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు.

హైదరాబాదులో కూర్చుని చదివేవారికి ఇదంతా కాలక్షేపం కావచ్చు. మనం ఉన్నది చంద్రపూర్‌లో. 2021 ఆగస్టులో మన జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దున ఉన్న జివతి తాలూకాలో, వణీ ఖుర్ద్ అనే ఊళ్ళో, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్ళనీ ఆడవాళ్ళనీ నలుగురి ఎదుటా గుంజలకు కట్టి కొట్టారు. డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపిన తర్వాత, ఆ ఏడాదే మహారాష్ట్రలో చేతబడి పేరిట జరిగే అఘాయిత్యాలకు వ్యతిరేకంగా చట్టం వచ్చింది. చట్టం వచ్చిన ఎనిమిదో ఏట జరిగిన సంగతి ఇది.

నవలలో ప్రయోగం చేసేవాడు దుర్మార్గుడు. వాడికి చేటు జరిగితే బాగా అయిందనుకుని పేజీ తిప్పుతాం. ఊళ్ళో మాత్రం వాడి స్థానంలో నిలబెట్టేది ఏ దిక్కూ లేని ముసలమ్మని. నాకు ఆ పుస్తకం పూర్తయిన రాత్రి నిద్ర పట్టనిది కాష్మోరా వల్ల కాదు, ఈ తలంపు వల్ల.

మరి తీసి పారేద్దామా? అక్కడే చిక్కొచ్చింది. మన పిల్లలు బళ్ళో మరాఠీ, ఇంగ్లీషు గడగడా చదువుతారు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఒత్తులు చూసి పారిపోతారు. మా వీధిలో పన్నెండో క్లాసు కుర్రాడొకడు ఈ పుస్తకం నా బల్లమీద చూసి, నిలబడ్డవాడు నిలబడ్డట్టే నాలుగు పేజీలు కూడబలుక్కున్నాడు. "పెద్దమ్మా, రేపు ఇస్తారా?" అన్నాడు. బాలల బొమ్మల కథలు ఎన్ని కొని పెట్టినా వాడు ఆ మాట ఎన్నడూ అనలేదు. తెలుగు చదివించడానికి మనం పడే పాట్లు తెలిసినవారెవరూ దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు.

కమిటీకి నేను చెప్పిందిది. పుస్తకం ఉండనివ్వండి, పై అరలో. పదో క్లాసు దాటినవారికే ఇవ్వండి. తిరిగి తెచ్చినప్పుడు జివతి సంగతి చెప్పి, ఏమనిపించిందో అడగండి. కుర్రాడికి అలాగే ఇచ్చాం. సగం దాకా వచ్చాడట, రాత్రిపూట చదవడం మాత్రం మానేశాడట.

రంగనాయకమ్మగారి పుస్తకం కూడా దాని పక్కనే ఉండాలని నా కోరిక. మీలో ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చివ్వండి. అట్ట చిరిగినా ఫరవాలేదు, మనమే అంటించుకుందాం.