గేదె గొడ్డుపోలేదు, గొడ్డు చేశారు

రెండు ఈతలు బాగా ఈని, పూటకు ఐదు లీటర్లు ఇచ్చిన గేదెను మూడో ఈతకు చూడి కట్టట్లేదని సంతకు తోలేస్తున్నారు. ఎందుకయ్యా అంటే "దాని రాత, గొడ్డుపోయింది" అంటారు. రాత కాదండీ. రెండుసార్లు దూడను మోసిన గర్భసంచికి ఉన్నట్టుండి ఏమొచ్చింది? తెలుసుకోవాలంటే కిందటి ఈత రోజున దాని లోపల ఎవరు చెయ్యి పెట్టారో అడగండి.

ఈనిన గేదెకు మాయ మామూలుగా 8 నుంచి 12 గంటల్లో దానంతటదే పడిపోతుంది. మనోళ్లకు అంత ఓపిక ఉండదు. కాస్త ఆలస్యమైతే ఊళ్లో చెయ్యి తిరిగినాయన్ని పిలుస్తారు. గ్లౌజు లేదు, సబ్బు లేదు, గోళ్ల నిండా మట్టి. మోచేతి దాకా పెట్టి గుంజుతాడు. ఇంకొందరైతే వేలాడే మాయకు రాయి కడతారు. గర్భసంచి లోపల బుడిపెలుంటాయి, మాయ వాటికి అతుక్కుని ఉంటుంది. బలవంతంగా గుంజితే ఆ బుడిపెలు చిరుగుతాయి, మాయ ముక్కలు లోపలే ఉండిపోతాయి, చేతి మురికి పచ్చిపుండుకు అంటుతుంది. చీము పుట్టేది అక్కడ. చాలాసార్లు పైకి గేదె మేత తింటుంది, పాలిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

"మా తాతల నాటి నుంచీ చేత్తోనే తీస్తున్నాం, గేదెలు ఈనలేదా?" అని అడుగుతారు. ఈనినవి గుర్తున్నాయి. సంతకు పోయినవి ఎవరు లెక్కపెట్టారు?

రెండో దెబ్బ సూది దగ్గర పడుతుంది. ఎదకొచ్చిందని ఫోన్ చేస్తే బండి మీద వస్తారు, సూది వేస్తారు, డబ్బు తీసుకుని పోతారు. తీగ చూసేవాళ్లు ఎంతమంది? మంచి తీగ గుడ్డు తెల్లసొనలా తేటగా సాగుతుంది. మబ్బుగా ఉన్నా, తెల్లటి పొలుకులు కనపడినా, పసుపు రంగున్నా, వాసనొచ్చినా లోపల చీమున్నట్టే. అలాంటి సంచిలో ఎంత మేలైన ముర్రా వీర్యం వేసినా బూడిదలో పోసిన పన్నీరే. గేదె ఆవులా తీగను బారుగా వేలాడదీయదు. పడుకున్నప్పుడో పాలు పితికేటప్పుడో కింద పడుతుంది. కాబట్టి చూడాల్సింది రైతే.

ఇప్పుడు లెక్క వేయండి. ఎద తప్పితే మళ్లీ వచ్చేది సుమారు 21 రోజులకు. మూడుసార్లు పొర్లితే 63 రోజులు. మేత, దాణా కలిపి రోజుకు 150 రూపాయలే వేసుకున్నా 9,450. సూదుల ఖర్చు, పోయిన పాలు దీనికి అదనం. తీగ చూడ్డానికి పట్టేది రెండు నిమిషాలు.

మూడోది గుడ్డి వైద్యం. పొర్లిందంటే చాలు, లోపల ఏదో ఒక యాంటీబయాటిక్ పోయించడం. పొర్లే ప్రతి గేదెకూ చీము ఉండదు. ఖనిజ లవణాలు తక్కువైనా, ఎండదెబ్బకైనా, సూది సమయం తప్పినా పొర్లుతుంది. రోగం లేని చోట మందు పోస్తే డబ్బు దండగ, ఆ మందు పాలల్లోకీ వస్తుంది. రోగం ఉన్నచోట తప్పు మందు పోస్తే క్రిములు మొండికేస్తాయి. తీగ తేటగా ఉన్నా లోపల సన్నటి వాపు ఉండొచ్చు. దాన్ని పట్టడానికి వైట్ సైడ్ టెస్ట్ ఉంది: తీగలో సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి వేడి చేస్తే పసుపు రంగు తిరుగుతుంది. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి "ముందు పరీక్ష చేయండి, తర్వాతే మందు" అని గట్టిగా అడగండి. అది మన హక్కు.

ఇంకో మాట, ఇది మనుషుల ప్రాణాల సంగతి. 6 నెలలు దాటాక ఈసుకుపోయి మాయ పడలేదంటే బ్రూసెల్లా అయి ఉండొచ్చు. వట్టి చేత్తో ఆ మాయ ముట్టుకుంటే జ్వరం, కీళ్లనొప్పులు మనకూ అంటుకుంటాయి. మాయను కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి టీకా వేయిస్తే చాలు. 2019లో మొదలైన జాతీయ పథకం కింద దాన్ని ఉచితంగా వేస్తున్నారు. అడిగి వేయించుకోవడానికి బద్ధకమెందుకు?

కాబట్టి మాయ 12 గంటలు దాటినా పడకపోతే గుంజొద్దు, రాయి కట్టొద్దు, డాక్టర్‌ని పిలవండి. జ్వరం, దుర్వాసన ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబర్ ఉంది. ఈనాక రెండు నెలలు గర్భసంచికి విశ్రాంతినివ్వండి. తీగ చూడకుండా సూది వేయనివ్వొద్దు. మూడుసార్లు పొర్లితే నాలుగో సూది ఆపి పరీక్ష చేయించండి.

ఇవన్నీ చేశాక కూడా కట్టకపోతే అప్పుడు అమ్ముకోండి, ఎవరూ కాదనరు. ఒక్క పరీక్ష కూడా చేయించకుండా గొడ్డు అని ముద్రేసి తోలేయడం మాత్రం పాడి కాదు, పాపం. మీ ఊళ్లో చేత్తో మాయ లాగే పెద్దమనిషికి ఈ పోస్టు చదివి వినిపించండి. కోపమొస్తే నన్నే తిట్టమనండి, గేదె మాత్రం మిగులుతుంది.