‘నాబ్ తిప్పితే చాలు’

“గ్యాస్ పెట్టడం వల్లే చచ్చాయి.” ఈ వారం నాలుగు నోళ్లు మారి నా దాకా వచ్చిన తీర్పు ఇది. చచ్చింది చేపలు. ముద్దాయి కార్బన్ డయాక్సైడ్. విచారణ మాత్రం ఎవరూ చేసినట్టు లేదు.

మా పక్క బ్లాకులో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడొకడున్నాడు. బోనసు రాగానే మూడడుగుల ఫిష్ ట్యాంకు కొన్నాడు. లోపల రాళ్లు, ఒక చెక్కమొద్దు, నేలంతా గడ్డి పరిచినట్టు మొక్కలు. బయట రెండు కిలోల సిలిండరు, దానికో రెగ్యులేటరు, సన్నటి గొట్టం. రాత్రి బిగించి పడుకున్నాడు, తెల్లారి లేచి చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. అమ్మినతను చెప్పిందల్లా ఒక్క ముక్కేనట: “నాబ్ తిప్పితే చాలు సార్, మొక్కలు వాటంతటవే లేస్తాయి.” ఇంతలో వాళ్ల మేనమామగారు దిగారు. లోకమంతా ఆ వాయువు తగ్గించాలని మొత్తుకుంటుంటే వీడు డబ్బులిచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నాడని, పాపం ఊరికే పోదని ఆయన వాదన.

మామగారి సంగతి ముందు తేల్చేస్తాను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. కుర్రాడి సిలిండర్లో ఉన్నది మొత్తం 2 కిలోలు. కాస్త ఒడుపుగా వాడితే అది నెలల తరబడి వస్తుంది. మేనల్లుడికి హితబోధ చేయడానికి ఊరి ఆ చివర నుంచి కారేసుకొచ్చి వెళ్లిన ఖాతాలో మామగారే అంతకు మించి వదిలి ఉంటారు. కారు మాటెందుకు, మనిషన్నవాడు ఊరికే కూర్చుని ఊపిరి పీల్చి వదిలినా రోజుకు ఇంచుమించు కిలో. పైగా సిలిండర్లలో నింపే గ్యాసు చాలావరకు ఎరువుల ఫ్యాక్టరీల్లో అమ్మోనియా తయారుచేసేటప్పుడో, డిస్టిలరీల్లో పులియబెట్టేటప్పుడో ఎలాగూ వెలువడేదే. దాన్ని పట్టి, శుద్ధి చేసి అమ్ముతారు. భూతాపం మీద అంత బెంగ ఉన్నవాళ్లు ఫిష్ ట్యాంకు దగ్గరే ఎందుకు మొదలుపెడతారో నాకు అంతుపట్టదు.

ఇక అసలు కేసు. నీళ్లలో మునిగి బతికే మొక్కకు కరువంటూ ఉంటే అది కార్బన్ కరువే. గాలిలో ఈ వాయువు కదిలే వేగంతో పోలిస్తే నీళ్లలో దాని నడక పదివేల రెట్లు నెమ్మది. గాలి తగిలేలా వదిలేసిన నీళ్లలో లీటరుకు అర మిల్లీగ్రాము, మహా అయితే ఇంకొంచెం ఉంటుంది. మొక్కలు పెంచేవాళ్లు గ్యాసు ఎక్కించి దాన్ని లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళతారు. అక్కడిదాకా చేపలు ఓర్చుకుంటాయి, మొక్కలు విరగబడి పెరుగుతాయి. ఆ పైన ఎక్కించేకొద్దీ మొక్కకు కొత్తగా ఒరిగేదేమీ ఉండదు, చేప ప్రాణానికి మాత్రం గండం.

మొక్క ఆ గ్యాసు తినేది లైటు వెలిగినంతసేపే. లైటు ఆర్పాక అదీ చేపల్లాగే ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే రాత్రంతా నాబ్ తెరిచి ఉంచితే తినేవాడు లేని వంట జరుగుతూనే ఉంటుంది. నీళ్లలో గ్యాసు పేరుకుంటుంది, చేప తన రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మొప్పల గుండా బయటికి నెట్టలేకపోతుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. అప్పుడిక నీళ్లలో ఆక్సిజన్ ఎంతున్నా రక్తం దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. చాలామంది గ్యాసు వచ్చి ఆక్సిజన్‌ను తరిమేసిందనుకుంటారు. నీళ్లలో రెండూ వేటికవే కరుగుతాయి, ఒకటొచ్చిందని రెండోది ఖాళీ చేసిపోదు. ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్లలో కూడా చేప ఊపిరాడక చావొచ్చు.

దీనికి విరుగుడు మహా శాస్త్రమేమీ కాదు. ఒక సోలినాయిడ్ వాల్వు, దానికో టైమరు. లైటు వెలగడానికి గంటో రెండు గంటలో ముందు గ్యాసు తెరుచుకోవాలి, ఆరడానికి గంట ముందు మూసుకోవాలి. ట్యాంకు గోడకు డ్రాప్ చెకర్ అని చిన్న గాజుబుడ్డి తగిలిస్తారు. అందులోని ద్రావణం నీలంగా ఉంటే గ్యాసు చాల్లేదు, ఆకుపచ్చైతే సరిపోయింది, పసుపుకు తిరిగితే ప్రమాదం. ఆ రంగు గంటో రెండు గంటలో ఆలస్యంగా మారుతుంది కాబట్టి బుడ్డిని నమ్ముకుని నాబ్‌తో ఆటలాడకూడదు. మొదటి వారం ట్యాంకు ముందు మనిషి ఉన్న సెలవు రోజు చూసుకుని, కొద్దికొద్దిగా పెంచాలి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయా, గ్యాసు కట్టేసి నీళ్లను బాగా కదిలించాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. బిల్లు కొట్టడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

నన్ను మండించేది అక్కడే. సరుకు అంటగట్టడానికి అరగంట మాట్లాడేవాడు, సరుకు వాడే పద్ధతి దగ్గరికొచ్చేసరికి మౌనవ్రతం పడతాడు.

ఇదే సంగతి ఆకివీడులోనో కైకలూరులోనో చెరువు గట్టు మీదున్న మనిషిని అడగండి. చేపల చెరువైనా రొయ్యల చెరువైనా గండం తెల్లవారుజామునే అని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పగలంతా ఎండకు నీళ్లలోని పాచి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లారే ముందు డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుగుకు పడుతుంది. పీహెచ్ కూడా అంతే, పొద్దున్నే తగ్గి మధ్యాహ్నానికి ఎక్కుతుంది, ఎందుకంటే దాన్ని ఎక్కించి దింపుతున్నది ఈ కార్బన్ డయాక్సైడే. అందుకే ఆ రైతు రాత్రి ఏరియేటర్లు తిప్పుతాడు, కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరిగెడతాడు, మబ్బు పట్టిన రోజు మేత తగ్గిస్తాడు. మన ఐటీ కారిడార్‌లో మూడు తెరల మీద ఏకకాలంలో పనిచేసే బుర్రలకు ఈ రాత్రి లెక్క తట్టదు. తట్టకపోవడం వాళ్ల తప్పనను. కొల్లేటి చుట్టుపక్కల ఈ జ్ఞానం ఒకరి నుంచి ఒకరికి ఊరికే అందుతుంది, నగరంలో డబ్బిచ్చినా అందడం లేదు.

లైటు సంగతీ ఇంతే. మొక్క ఎంత తినాలో నిర్ణయించేది లైటు. కాంతి ఎక్కువై కార్బన్ చాలకపోతే ఆ సందులో దూరేది పాచి. గ్యాసు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువగా వదిలితే ఆకుల అంచులకు నల్లటి గడ్డంలా ఒక రకం పట్టుకుంటుంది, గీకినా పోదు. కానీ దుకాణంలో ఎవరికైనా “లైటు తగ్గించండి, రోజుకు ఆరేడు గంటలు చాలు” అని చెప్పగా విన్నారా? ఇంకా పెద్ద లైటు అమ్ముతారు. దాంతో వచ్చిన పాచికి మందు అమ్ముతారు. మందుకు చేప పోతే కొత్త చేపలు అమ్ముతారు.

ఈ అలంకరణను ఒక కళగా ప్రపంచానికి చూపించిన తకాషి అమానో జపాన్‌లోని నీగాతా మనిషి. మొదట సైకిల్ పందేల క్రీడాకారుడు, తర్వాత ఫొటోగ్రాఫరు. 2015లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవు, లక్షా అరవై వేల లీటర్ల నీటితోట కట్టి, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశాడు. అమానో ఫొటోలు చూసి మనవాళ్లు ఆ పచ్చదనాన్ని కోరుకుంటారు. ఆ పచ్చదనం వెనక వారం వారం నీళ్లు మార్చడం, కత్తెర పట్టుకుని తుంచడం, నత్రజని, పొటాషియం, ఇనుము కొలిచి వేయడం ఉంటాయి. గ్యాసు ఎక్కించాక మొక్క ఆకలి అన్నింటికీ పెరుగుతుంది, ఇంటాయన పనీ పెరుగుతుంది. ఫొటోలో కత్తెర కనపడదు కదా!

అసలు కొత్తవాళ్లకు గ్యాసెందుకు అనేది నా పాత గొడవ. ఈ శీర్షిక చదివేవాళ్లు మళ్లీ మొదలెట్టాడనుకుంటారు, అనుకోండి. హైడ్రిల్లా అనే మొక్కను మీరు ఎరుగుదురు. కాలువలో దిగితే కాళ్లకు చుట్టుకునేది, ఊళ్లలో నాచు అంటే చాలాసార్లు దాన్నే అంటారు. కరిగిన కార్బన్ డయాక్సైడ్ దొరకనప్పుడు అది నీళ్లలోని బైకార్బొనేటును తిని బతకగలదు. వాలిస్‌నేరియా కూడా అంతే. మన బోరు నీళ్లు గిన్నెలకు తెల్లటి పొర కట్టేంత గట్టివి, బైకార్బొనేట్లకు లోటు లేదు. అంటే మనం తిట్టుకునే ఆ నీళ్లే ఈ మొక్కలకు నిండు విస్తరి. సిలిండరు వద్దు, రెగ్యులేటరు వద్దు, అర్ధరాత్రి చావులు వద్దు. అమెరికాలోని ఫ్లోరిడాకు 1950లలో ఈ హైడ్రిల్లా అక్వేరియం వ్యాపారం ద్వారానే చేరింది. అక్కడ కాలువలను, చెరువులను కమ్మేసి, చివరికి అమెరికా ప్రభుత్వం నిషేధిత కలుపు జాబితాలో పెట్టే దాకా వెళ్లింది. అంత మొండిది. దాన్ని చంపడం ఒక దేశం వల్ల కాలేదు, మా పక్క బ్లాకు కుర్రాడి వల్ల అవుతుందా!

రోటాలాలు మన వరి మళ్లలో కలుపు. నీటి బ్రాహ్మి గట్ల మీద తడిలో పాకుతుంది. ఈ జాతులనే జెల్లీ పోసిన ప్లాస్టిక్ కప్పులో పెట్టి, విదేశీ లేబులు అంటించి వందల రూపాయలకు అమ్ముతున్నారు. కొంటున్నవాడి నాన్న చిన్నప్పుడు అదే మొక్కను మడిలోంచి పీకి గట్టు మీద పారేసి ఉంటాడు. ఎర్రటి ఆకులు, గడ్డి తివాచీ కావాలంటే గ్యాసు కావాల్సిందే, కాదనను. కానీ మొదటి ఏడాది నాచుతో గడిపినవాడికి రెండో ఏడాది నాబ్ ఎంత తిప్పాలో చెయ్యే చెబుతుంది.

సిలిండరు గురించి మామగారు భయపడాల్సినంత భయపడలేదని నా ఫిర్యాదు. సీఓటూ సిలిండర్లో ఉండేది ద్రవం, దాని మీద ఆవిరి. 20 డిగ్రీల దగ్గర లోపలి పీడనం సుమారు 57 బార్లు. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు, పోల్చుకోండి. మీటరు ముల్లు చూసి ఎంత మిగిలిందో తెలుసుకోలేరు, ద్రవం ఉన్నంతకాలం అది కదలదు, కాటా మీద తూచాల్సిందే. 31 డిగ్రీలు దాటిందంటే లోపల ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు. అక్కడి నుంచి పీడనం ఎంత పెరుగుతుందనేది ఎంత నింపారన్న దాన్ని బట్టి ఉంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం పడమటి బాల్కనీలో, నిండా కుక్కిన సిలిండరు వంద బార్లు సునాయాసంగా దాటుతుంది. యూరప్‌లో చల్లటి గదిలో తీసిన వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఈ ముక్క తెలిసే దారి లేదు. తలుపులేసిన పదడుగులు బై పన్నెండడుగుల ఏసీ గదిలో రెండు కిలోలూ లీకైతే గాలిలో ఈ వాయువు 3 శాతం దాటుతుంది. తలనొప్పి, ఆయాసం వచ్చే స్థాయి అది. గాలికన్నా బరువైనది కాబట్టి నేల మీద చాప వేసుకుని పడుకున్నవాడికి ఇంకా ఎక్కువ.

మరి ఆ సిలిండరు ఎక్కడిది? కుర్రాడి దాని మీద కొత్త నీలం రంగు మెరుస్తోంది, భుజం మీద కొట్టాల్సిన పరీక్ష తేదీ మాత్రం ఆ రంగు కింద ఎక్కడో పూడిపోయింది. ఇలాంటి సిలిండర్లకు అయిదేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్ష చేయించాలి. వంటగ్యాస్ బండకైతే పిడి దగ్గరి పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. బీ-27 అంటే 2027 జూన్‌లోగా మళ్లీ పరీక్షకు పోవాలని. బండ దింపించుకునేటప్పుడు సీలు చూస్తాం, బరువు చూస్తాం, ఆ అక్షరం చూసిన ఇల్లాలిని గానీ ఇంటాయనను గానీ నాకు చూపించండి.

అంతదాకా ఎందుకు, మీ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర గోడకు వేలాడే ఎర్ర సిలిండరు దగ్గరికి వెళ్లండి. లిఫ్టు పక్కన, కరెంటు మీటర్ల దగ్గర ఉండేవాటిలో చాలావాటిలో ఉన్నది ఈ కార్బన్ డయాక్సైడే. మంటలార్పే గ్యాసు. దానికీ అదే అయిదేళ్ల పరీక్ష. మా బ్లాకులో కిందినుంచి పైదాకా చూసొచ్చాను. చీటీలు ఎండకు వెలిసి తెల్లకాగితాలయ్యాయి. ఒకదాని గొట్టంలో సాలీడు కాపురం, ఇంకొకదానికి పిన్నే లేదు, మూడోది మెట్ల గది తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టారు. ఏటా రంగులకూ, వినాయక చవితి పందిరికీ, గేటు దగ్గర దీపాల తోరణానికీ తీర్మానాలు పాసవుతాయి. వీటి మాటెత్తితే “ఫైర్ వాళ్లు వచ్చినప్పుడు చూద్దాం సార్” అంటారు. మంట వచ్చినప్పుడా, తనిఖీకి వచ్చినప్పుడా అని అడిగితే నన్ను చాదస్తుడంటారు.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ ఎర్ర సిలిండర్లను పరీక్షకు పంపిన రసీదు నోటీసు బోర్డు మీద అంటించాకే నా మెయింటెనెన్సు చెక్కు అందుతుంది. సెక్రటరీగారు ఆదివారం ఈ శీర్షిక చదువుతారు, ఆ సంగతి నాకు తెలుసు.