నొక్కుచోటు జరిగితే తప్పు శిష్యుడిదా?

విద్యాలయము గుణసంధి అట! ఈ మాట నేనన్నది కాదు మిత్రులారా, మా ఇంటి టాబ్లెట్ అన్నది. మూడు దశాబ్దాలకు పైగా సంధులు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి ఇంతకంటె పరాభవం వేరే కావాలా?

జరిగినది వినండి. మా మనుమరాలు వ్యాకరణపాఠం వీడియో చూస్తున్నది. నడుమ బొమ్మ ఆగి, తెర పైభాగాన ఒకదాని క్రింద ఒకటిగా నాలుగు పదాలు నిలిచాయి: విద్యాలయము, మహేంద్రుడు, ఏకైక, అత్యంత. గుణసంధి జరిగిన పదాన్ని తాకమన్నారు. పిల్ల తడుముకోకుండా మహేంద్రుణ్ణి తాకింది. తప్పన్నది యంత్రం. మళ్ళీ తాకింది, మళ్ళీ తప్పే. ముందుకు జరుపుదామంటే వీడియో కదలదు, బిగించేశారు. విసిగి విద్యాలయము మీద వేలు పెట్టింది. చప్పట్లు మ్రోగాయి! "తాతయ్యా, మీరు నాకు తప్పు నేర్పారు" అన్నది.

వీడియోపై తాకితే స్పందించే ఈ భాగాన్ని తయారీదారులు హాట్‌స్పాట్ అంటారు. నాకు నొక్కుచోటు చాలు. (క్రియాస్థలి అందామన్న మిత్రుడొకడున్నాడు, ఆయనను క్షమించాను.) అది బొమ్మలో భాగం కాదు. బొమ్మపై పరచిన కనబడని గాజుపలక మీద గీసిన గడి. పలక బొమ్మతోపాటు కుదించుకోవాలి, జరగాలి. ఇక్కడ అదే జరగలేదు. పాఠం 16:9 తెరపై తయారైంది, మా టాబ్లెట్ 4:3. 1024 పిక్సెళ్ళ వెడల్పు, 768 ఎత్తు గల తెరపై ఆ వీడియో 576 ఎత్తు మాత్రమే ఆక్రమిస్తుంది. పైన 96, క్రింద 96 నల్లపట్టీలు మిగులుతాయి. గడిని వీడియో ఎత్తుతో కాక మొత్తం తెర ఎత్తుతో లెక్కకట్టారు. పైనుంచి నాలుగోవంతు దూరంలో ఉండవలసిన గడి 192 దగ్గర నిలిచింది. పదమేమో 240 దగ్గర ఉన్నది. మహేంద్రుడి గడి ఒక వరుస పైకెక్కి విద్యాలయములో కూర్చున్నది. పిల్ల మహేంద్రుణ్ణి తాకితే యంత్రం ఏకైకను తాకినట్లు లెక్కగట్టింది. కొలత వీడియోకు కట్టి ఉంటే ఈ ప్రమాదమే లేదు.

లెక్క తప్పడం మానవసహజం, దానికి నా కోపం లేదు. తన లెక్క తప్పవచ్చునన్న ఊహ లేకుండా పిల్లను బంధించినందుకు నా కోపం. తరగతిలో విద్యార్థి తప్పు పదం చూపితే "ఎందుకురా?" అని అడిగేవాణ్ణి. ఆ ఎందుకులోనే పాఠమంతా ఉండేది. యంత్రానికి వేలు పడిన చోటు తెలుసు, వేలు వెనుకనున్న కారణం తెలియదు. కారణం తెలియనివాడికి తలుపు మూసే అధికారం ఎవరిచ్చారు?

వదిలేస్తే పిల్లలు చూడకుండా జరిపేస్తారని సమాధానం చెబుతారు. జరిపేస్తారు, నిజమే. పుస్తకంలో పుటలు దాటవేయలేదా మనమంతా? హెచ్‌ఫైవ్‌పి వంటి సాధనాలలో పాఠకర్తకు రెండు దారులూ ఉన్నాయి. పూర్తి మార్కులు వస్తేనే ముందుకు పోనిమ్మనవచ్చు. తప్పు చెబితే వివరణ ఉన్న ఘట్టానికి వెనుకకు తీసుకుపొమ్మనీ అనవచ్చు. రెండవది గురువు పని, మొదటిది బంట్రోతు పని. మనవాళ్ళకు మొదటిదే ముద్దు.

తెలుగుకు వేరే శాపమొకటి ఉన్నది. మన అక్షరం నిలువుగా పెరుగుతుంది. వత్తులు క్రిందికి దిగుతాయి, గుడులు పైకెక్కుతాయి. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు గీసిన గడిని తెలుగు పదానికి తొడిగితే వత్తు బయట వ్రేలాడుతుంది. "మహేంద్రుడు"లోని క్రారవడి మీద వేలు పెట్టిన పిల్ల పదాన్ని తాకనట్లే. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2023 అక్టోబరులో వెలువరించిన 2.2వ సౌలభ్య ప్రమాణాలు, కొన్ని మినహాయింపులతో, తాకేచోటు కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, 24 ఎత్తు ఉండాలంటున్నాయి. అది ఇరుకైన కనీసం, ఆదర్శం కాదు. ఇక చూపు లేని పిల్ల మాటేమిటి? పేరు పెట్టని గడిని తెరను చదివి వినిపించే సాధనం ఏమని పలుకుతుంది? అవే నాలుగు పదాలను వీడియో క్రింద మామూలు మీటలుగా కూడా పెడితే ఎవరి సొమ్ము పోయింది?

ఈ గడుల ఆయుష్షు కూడా చూడండి. యూట్యూబులో వీడియోపై నొక్కుచోట్లు పెట్టే సదుపాయం 2008లో వచ్చింది. "సరైన జవాబును నొక్కండి" అనే పాఠాలను ఎందరో దానిపై కట్టుకున్నారు. 2019 జనవరి 15 తరువాత ఆ గడులన్నీ మాయమయ్యాయి. ప్రశ్న అడిగే గొంతు మిగిలింది, నొక్కేందుకు ఏమీ లేదు. ఫ్లాష్‌లో చేసిన పాఠాలకు 2020 చివర అదే గతి పట్టింది. వీడియోలోనే జవాబు, దాని కారణం చెప్పి ఉంచిన పాఠాలు మాత్రం గడులు పోయినా పాఠాలుగానే మిగిలాయి.

పాఠం తయారుచేసినవారికి కొలతలతో సహా ఉత్తరం వ్రాశాను. "మా కంప్యూటర్లో సరిగానే పనిచేస్తున్నది" అని ఒకే వాక్యం వచ్చింది. అందులోనూ ఒక అచ్చుతప్పు.

ఆ సాయంత్రం మనుమరాలిని కూర్చోబెట్టి, నోటుపుస్తకంలో మహా + ఇంద్రుడు అని వ్రాయించాను. ఆకారానికి ఇకారం పరమైతే ఏకారం వస్తుందని తానే చెప్పింది. ప్రక్కన విద్యా + ఆలయము వ్రాసి రెండూ పోల్చుకున్నది. అంతా అర్థమైన తరువాత మెల్లగా అడిగింది: "పరీక్షలో ఏది పెట్టమంటారు తాతయ్యా, మీరు చెప్పిందా, అది చెప్పిందా?"