కిచెన్ గట్టు మీది రాయి: సిలికా శాతం చూస్తే సరిపోతుందా?

2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియాలో క్వార్ట్జ్ స్లాబుల తయారీ, అమ్మకం, కోత, బిగింపు అన్నీ నిషేధం. ఇలా చేసిన మొదటి దేశం అదే. వంటింటి గట్టు మీద తళతళలాడే ఈ పలకలను కోసే పనివాళ్లకు సిలికోసిస్ రావడమే కారణం. వాళ్లలో ముప్పై ఏళ్ల వయసు కుర్రాళ్లు కూడా ఉన్నారు.

ఈ నిషేధంలో ఒక విషయం మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు. సిలికా 40 శాతం లోపు ఉన్న పలకలనైనా వదిలేయవచ్చా అన్న ప్రశ్న అక్కడ వచ్చింది. అక్కడి ప్రభుత్వ సంస్థ సేఫ్ వర్క్ ఆస్ట్రేలియా దానికి ఒప్పుకోలేదు. ఫలానా శాతం లోపు ఉంటే భద్రం అనడానికి ఆధారం లేదని చెప్పింది. మరి సహజమైన గ్రానైట్‌లోనూ సుమారు 30 శాతం సిలికా ఉంటుంది కదా, దాన్నెందుకు ఆపలేదు? శాతం ఒక్కటే పట్టుకుంటే దీనికి జవాబు దొరకదు.

సముద్రపు ఇసుక సిలికాయే. మనవాళ్లు ఉంగరంలో పెట్టుకునే అకీక్ కూడా సిలికాయే. వేలికి ఉన్న రాయి ఎవరికీ హాని చేయదు. అదే అకీక్‌ను సానబట్టే గుజరాత్‌లోని ఖంభాత్ కార్మికుల ఊపిరితిత్తులు మాత్రం దెబ్బతింటున్నాయి. రాయి ఒకటే, కానీ నలిగి కంటికి కనబడనంత సన్నటి దుమ్ము అయ్యాక దాని గుణం మారిపోతుంది.

సన్నదనం ఒక కారణం. రెండోది, ఆ రేణువు పైపొర. క్వార్ట్జ్ స్ఫటికం పగిలినప్పుడు సిలికాన్, ఆక్సిజన్ మధ్య బంధాలు తెగుతాయి. తెగిన చోట గాలిలోని తేమ చేరి సైలనాల్ అనే గుంపులు ఏర్పడతాయి. పగలని స్ఫటికం మీద ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని క్రమంగా ఉంటాయి. పగిలిన ముఖం మీద ఆ క్రమం చెదిరి, కొన్ని జంటలు దగ్గరగా ఉన్నా గట్టిగా కలవక దాదాపు విడిగా మిగిలిపోతాయి. ఇటలీలోని ట్యూరిన్, బెల్జియంలోని యూసీలూవాన్ యూనివర్సిటీల శాస్త్రవేత్తలు 2020లో చూపించింది ఇదే: కణాల పొరను చీల్చే పని మొదలుపెట్టేది ఈ జంటలే.

ఊపిరితిత్తుల్లో దుమ్మును మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి. అవి సిలికా రేణువునూ మింగుతాయి. రేణువు లోపలి సంచి పొరను చీల్చేస్తుంది, సంచిలోని ఘాటైన రసాలు కారతాయి, వాపు మొదలవుతుంది, కణం చచ్చిపోతుంది. రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ మచ్చను పోగొట్టే మందు లేదు.

అప్పుడే నూరిన క్వార్ట్జ్, నిల్వ ఉంచిన క్వార్ట్జ్ కంటే ఎక్కువ హాని చేస్తుందని అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అంటే మిషన్ పక్కన నిలబడి కోసేవాడు పీల్చేది ఎక్కువ దుమ్ము మాత్రమే కాదు, తాజా దుమ్ము కూడా.

పైపొరే విషమైతే దానికి పూత పూస్తే పోలా? ఈ ఆలోచన పాతదే. కెనడాలోని అంటారియో గనుల్లో 1943 నుంచి 1979 వరకు షిఫ్ట్‌కు ముందు కార్మికుల చేత అల్యూమినియం పొడి పీల్పించారు. మెకింటైర్ పౌడర్ అనేవారు దాన్ని. అల్యూమినియం క్వార్ట్జ్ పైపొరను మందగింపజేస్తుందన్న మాట ల్యాబ్‌లో నిజమే. గనిలో జరిగింది వేరు. ఆ కార్మికుల్లో పార్కిన్‌సన్స్ జబ్బు ఎక్కువగా కనబడింది, 2022లో అంటారియో ప్రభుత్వం దాన్ని వాళ్ల వృత్తి వ్యాధిగా గుర్తించింది.

క్వార్ట్జ్ స్లాబుల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది, దానికి తోడు రెసిన్, రంగులు, లోహాలు. కోసినప్పుడు ఇవన్నీ కలిసే ఎగురుతాయి. ఒక్కో పలక దుమ్ము ఒక్కోలా ప్రవర్తించవచ్చు. శాతం చెప్పేది సరుకు ఎంత ఉందో, అది లోపలికి పోయి ఏం చేస్తుందో కాదు. 40 శాతం గీతను నమ్మకపోవడం సరైన నిర్ణయమే.

ఈ పలకలు హైదరాబాద్ శివార్లలో, విశాఖ దగ్గర కూడా తయారై అమెరికాకు వెళ్తున్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను తప్పక రిపోర్ట్ చేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చారు. కానీ ఇద్దరు ముగ్గురితో నడిచే కటింగ్ షెడ్డును, ఇంటి ముందే గ్రైండర్ పెట్టి కోసే మేస్త్రీని ఎవరు లెక్కలోకి తీసుకుంటున్నారు? ముక్కుకు కట్టిన రుమాలు ఇంత సన్నటి దుమ్మును ఆపదు. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము బాగా తగ్గుతుంది, అయితే కింద పడ్డ బురదను ఎండకముందే తీసేయాలి. ఎండితే మళ్లీ దుమ్మే.

సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ. ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనుకుని మందులు వాడుతూ, అదే షెడ్డుకు మళ్లీ పనికి వెళ్లేవాళ్లున్నారు. గల్ఫ్‌లో మార్బుల్, టైల్స్ పని చేసొచ్చిన అన్నలు, మామూలు దగ్గుతో డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఎన్నేళ్లు ఏ రాయి కోశారో ముందు చెప్పాలి. డాక్టర్ అడగకపోయినా సరే.