ఆకుకున్న జాగ్రత్త చేతికేది?

మా తాత బత్తాయి తోటలో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కలిపే రోజంటే చిన్నప్పుడు నాకు పండగ. ఒక బానలో రాత్రే నానేసిన మైలుతుత్తం నెమలి మెడ రంగులో మెరిసేది. ఇంకో బానలో వడగట్టిన సున్నం. కిలోకి కిలో, మొత్తం 100 లీటర్ల నీళ్లు. రెండూ ఒకేసారి తొట్టిలోకి వంచాక తాత కొడవలి మొన అందులో కాసేపు ముంచి తీసేవాడు. ఇనుము మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. ‘ఇంకింత పొయ్యి బిడ్డా, ఆకు మాడిపోతది’ అనేవాడు.

ఆకు గురించి అంత పట్టింపు. కలిపే చేతులకు మాత్రం తొడుగు ఉండేది కాదు. కళ్లద్దాల ఊసే లేదు. ఇప్పటికీ చాలా తోటల్లో నేను చూస్తున్నది అదే.

ఈ మిశ్రమం పేరు వెనక ఒక కథ ఉంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షను బాటసారులు తెంపకుండా రైతులు తుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్డె అనే ఆచార్యుడు గమనించి, 1885లో మందుగా లోకానికి చెప్పాడు. జనాన్ని భయపెట్టడానికి చల్లినది మందైంది. ఆ భయమే మనకు పోయింది.

మైలుతుత్తం మింగితే కడుపు కాలిపోతుంది, నీలి పచ్చని వాంతులవుతాయి. ఆపైన ఎర్ర రక్తకణాలు చితికిపోయి మూత్రం నల్లబడుతుంది, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. 10, 20 గ్రాములు పెద్దవాళ్ల ప్రాణాన్నే తీయగలవు. దీన్ని ఒకప్పుడు వైద్యులు వాంతి మందుగా వాడేవారు, ఈ ప్రమాదం వల్లే మానేశారు. ఎవరైనా మింగితే నోట్లో వేలు పెట్టి కక్కించకుండా, పొట్లంతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పీల్చినా ముప్పే. ఏళ్ల తరబడి బోర్డో పిచికారీ చేసిన పోర్చుగల్ ద్రాక్షతోట కూలీల ఊపిరితిత్తుల జబ్బును అక్కడి వైద్యులు 1969లోనే నమోదు చేశారు.

సేంద్రియ సాగులోనూ బోర్డో మిశ్రమాన్ని అనుమతిస్తారు కాబట్టి చాలామంది మంచిదే అనుకుంటారు. కానీ తుత్తంలోని రాగి కుళ్లిపోయేది కాదు, చల్లిన నేలలోనే పేరుకుపోతుంది. అందుకే యూరప్‌లో ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగి మించకూడదని హద్దు పెట్టారు. మిగిలిన మందు చెరువులో పారబోస్తే చేపలు చస్తాయి.

ఇంత ప్రమాదమున్న తుత్తం కాగితం పొట్లంలో, పేరు కూడా లేకుండా చేతులు మారుతోంది. పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా మైదా జిగురులో ఇదే కలుపుతారు. నీలి పలుకులు పిల్లల కంటికి పటికబెల్లంలా కనిపిస్తాయి. విడిగా అమ్మడం ఆపాలి, ప్రతి ప్యాకెట్ మీదా విషం గుర్తు, తెలుగులో జాగ్రత్తలు ఉండాలి. మిశ్రమం కలపడం నేర్పే అధికారులు కొడవలి పరీక్ష కంటే ముందు చేతి తొడుగులు వేసుకుని చూపించాలి.

మొన్న నిమ్మచెట్టు బంక తెగులుకని అరకిలో తుత్తం కొన్నాను. షాపతను పాత పేపర్లో కట్టిచ్చాడు. పెన్ను అడిగి తీసుకుని పొట్లం మీద ‘విషం’ అని పెద్దక్షరాలతో రాశాను. అలాంటి పొట్లమే చేతిలో పట్టుకుని పక్కన నిలబడ్డ పెద్దాయన అది చదివి, ‘తుత్తం గూడ విషమేనా సారూ?’ అన్నాడు.