బొమ్మ ఆగితే... ఫైలు పాడైనట్టేనా?

పెళ్లి వీడియోని ప్రీమియర్ ప్రోలో పెట్టగానే బొమ్మ ఆగి ఆగి కదులుతోందా? ఫైలు పాడైందని తుడిచేయకండి. ముందు వీఎల్‌సీ ప్లేయర్‌లో చూడండి. అక్కడ సాఫీగా నడిస్తే ఫైలు దాదాపు బాగున్నట్టే. భారం కంప్యూటర్ మీద పడుతోందన్నమాట. చాలా ఫోన్లు తీసే హెచ్.265 వీడియోలో ఎక్కువ ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు, ఇతర ఫ్రేములతో ఉన్న తేడాలే. ఎక్కడ ఆపినా బొమ్మను అప్పటికప్పుడు కూర్చుకోవాలి.

ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ని 1/4కి తగ్గించండి. అప్పటికీ ఆగుతుంటే ప్రోరెస్‌లో ప్రాక్సీ చేసుకోండి. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే. 3840×2160 వీడియోకి 1280×720 ప్రాక్సీ అయితే పిక్సెళ్లు తొమ్మిదో వంతే. కత్తిరింపులన్నీ దానిమీద చేసినా, చివరి ఎక్స్‌పోర్ట్ అసలు ఫైలు నుంచే జరుగుతుంది. అందుకే పని పూర్తయ్యేదాకా అది భద్రం!